నలువదిమంది వైద్యులు

ఇల్లు కట్టదలచినవాడు తాపీపనివానిని పిలుచును. వ్యాజ్యము వచ్చినవాడు వకీలు నాశ్రయించును. బిడ్డ పెండ్లికి ముహూర్తము కావలసినవాడు పంచాంగము తెలిసినవాని యింటికి బోవును. దేహమునకు జబ్బుచేసినవాడు మాత్రము మన దేశమున వీథిలో మొట్టమొదట నెవడు కనబడిన వానినే యడుగును. తాపీపని తెలియనివాడు గోడ యెట్లు కట్టవలెనో చెప్పుటకు సంకోచించును. చెప్పినను మనము వినము. వైద్యము తెలియనివాడు వైద్యము చెప్పుటకు సంకోచింపడు. మనము వినక మానము. ఈ వింతను పరులయందు చూచి నవ్వుట సులభము. నేను నాయందే చూచి యేడ్చినవాడను. నాకు పోయినది తిరిగి రాదు. మఱియొకరికి పోకుండిన చాలునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను తెనాలిలో ముప్పదిమూడేండ్లు తెలుగు పండితుడనుగ పనిచేసి విరమించినవాడను. 2018వ సంవత్సరము వేసవిలో నాకు దాహము మిక్కుటమయ్యెను. రాత్రి నాలుగైదుమారులు లేవవలసి వచ్చుచుండెను. చొక్కాలు వదులైనవి. ఎండల ప్రభావమని కొంతకాలము సరిపెట్టుకొంటిని. తుదకు నా భార్య పోరు పడలేక రక్తపరీక్ష చేయించుకొంటిని. పరగడుపున 212, భోజనమైన రెండు గంటలకు 318 అని కాగితము వచ్చినది. పరగడుపున 126 గాని యంతకు మించి గాని యుండి, అది మరల పరీక్షలో స్థిరపడినచో మధుమేహమని వైద్యశాస్త్రము నిర్ణయించియున్నది. నాకు సందేహమునకు దావే లేకపోయినది.

వైద్యుడు మంచివాడే. కాని యతని వసారాలో నా వెనుక డెబ్బదిమంది కూర్చుండియుండిరి. "షుగరు వచ్చింది. ఈ బిళ్లలు రెండుపూటలా వేసుకోండి. తీపి మానండి, అన్నం తగ్గించండి, నడవండి. నెల తరువాత రండి" అని కాగితము చేతికిచ్చెను. అన్నము తగ్గించుట యనగా నెంత? నడచుట యనగా నెంత దూరము? ఈ బిళ్ల జీవితాంతమా, కొంతకాలమా? మామిడిపండు ముట్టరాదా? నా బుఱ్ఱలో పది ప్రశ్నలు పుట్టినవి; కాని అంతలోనే తలుపుకడ నున్న కుఱ్ఱవాడు తరువాతివాని పేరు పిలిచెను. ఆ పది ప్రశ్నలను మోసికొని నేను వీథిలోనికి వచ్చితిని. నా కష్టమంతయు నక్కడనే యారంభమైనది.

మందులదుకాణము మెట్లు దిగకమునుపే మొదటి వైద్యుడు దొరకెను. అతడు మా పేటలో పాలుపోయు పెద్దమనిషి. నా చేతిలోని పొట్లము చూచి, "ఎందుకు మాస్టారూ ఆ విషం? కాకరకాయ రసం ఉదయాన్నే గ్లాసెడు తాగండి, నలభైరోజుల్లో మాయం" అనెను. ఇంటికి వచ్చునప్పటికి మా అక్కయ్య ఫోను. "ఒరే తమ్ముడూ, ఆ బిళ్లలు మింగితే మూత్రపిండాలు పోతాయిరా. మన నాయన ఏ బిళ్లలు మింగాడు?" అని యామె వాపోయెను. మా నాయనగారు ఏబదియెనిమిదవ యేట మానని కాలిపుండుతో మరణించిరన్న సంగతి యామెకు గాని నాకు గాని యప్పుడు జ్ఞప్తికి రాలేదు.

నేను బడిపంతులను గావున ఒక నోటుపుస్తకము తెఱచి గళ్లు గీచితిని. చెప్పినవారి పేరు, చెప్పిన వస్తువు, పుచ్చుకొనవలసిన వేళ, పథ్యము. రెండు నెలలలో నలువది పేర్లు నిండినవి. మెంతులు రాత్రి నానబెట్టి యుదయము నమలవలెను. నేరేడుగింజల చూర్ణము మజ్జిగలో కలుపవలెను. తిప్పతీగ కషాయము, వేపచిగుళ్లు, దొండాకు పసరు, లేత మామిడాకుల నీరు, చీల్చి నానవేసిన బెండకాయ నీరు, కలబంద గుజ్జు, ఉసిరిక పసుపు. ఒకరు కొఱ్ఱలు తప్ప మఱియొక ధాన్యము ముట్టవలదనిరి. ఒకరు రాగి అంబలి యెంత త్రాగినను దోషము లేదనిరి. ఒకరు పండ్లే యాహారమనిరి. ఒకరు పండ్లే ప్రాణాంతకమనిరి. తెల్లచక్కెర విషము, బెల్లమమృతమని యొకరు. బెల్లము గాదు, తేనె యని యొకరు. బెల్లమునం దధికభాగము చక్కెరయే యనియు, అంబలియు పిండిపదార్థమే గావున మితిమీరిన రక్తములో చక్కెరయే యగుననియు నా కప్పుడు చెప్పినవారు లేరు. చెప్పినను నేను వ్రాసికొనియుండను.

ఈ నలువదిమందిని నాలుగు తెగలుగ నేర్పఱుపవచ్చును. తాము పుచ్చుకొని గుణము పొందితి మనువారు కొందఱు. పొందినవారి నెఱిగినవారి నెఱుగుదు మనువారు చాలమంది. సంచిలోనుండి సీసా తీసి వెల చెప్పువారు ముగ్గురు. మిగిలినవారు మనయందలి ప్రేమచేత చెప్పువారు. వెల చెప్పువానిని త్రోసివేయవచ్చును. విన్నమాట చెప్పువానిని విని మఱచిపోవచ్చును. కన్నీరు పెట్టుకొని చెప్పు తోబుట్టువు మాటను కాదనుటకే మనస్సు రాదు. అందుచేతనే యీ నాలుగవ తెగవారివలన కలుగు ప్రమాదము తక్కిన మూడింటికంటె నధికము.

అడవిశాఖలో పనిచేసి విరమించిన యొకాయన నాకు పొడపత్రి యాకు తెచ్చి యిచ్చిరి. "రెండాకులు నమిలి, ఆపైన చక్కెర నోట్లో వేసుకోండి" అనిరి. అట్లే చేసితిని. ఆశ్చర్యము! చక్కెర నోటిలో నిసుకవలె నుండెను. తీపి యనునది లేశమైనను తెలియలేదు. ఈ గుణము నిజమే. ఆ యాకులోని పదార్థమేదో నాలుకపైని తీపి నెఱుగు శక్తిని కొంతసేపు కట్టివేయును. కాని నేను చేసిన తర్కము వినుడు: నోటిలోని తీపిని హరించునది రక్తములోని తీపిని హరింపదా? ముప్పదిమూడేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పి, ఉపమానమునకును ప్రమాణమునకును భేదము బోధించిన నేను, ఆ దినమున నుపమానమునే ప్రమాణముగ గైకొంటిని. నాలుకమీది తీపి గంటకు తిరిగివచ్చెను. రక్తములోని తీపి యెక్కడికిని పోలేదు.

మొదటి రెండు నెలలలో నా యంకె 130కి దిగినది. దిగదా? బిళ్లలు వేసికొనుచునే యుంటిని. అన్నము సగము చేసితిని. కాఫీలో చక్కెర మానితిని. కాలువగట్టున రెండు పూటల నడచుచుంటిని. దానితోపాటు కషాయమును త్రాగుచుంటిని. ఘనత యంతయు కషాయమునకే దక్కినది. బండిక్రింద నడచు కుక్క బండిని తానే మోయుచున్నానని తలచినట్లు నా కషాయము తలచినదో లేదో గాని, దాని తరపున నేను తలచితిని. బిళ్లలు మానివేసితిని. వైద్యునితో చెప్పలేదు; నెల తరువాత రమ్మన్న చోటికి వెళ్లనేలేదు. పరీక్ష చేయించుకొనుటయు మానితిని. "తగ్గిన రోగమునకు పరీక్ష యేల?" యని నా భార్యతో వాదించితిని. నిజమునకు నాకు భయము. అంకె పెరిగియుండిన మరల బిళ్ల మ్రింగవలెను గదా!

ఇంతవఱకు జరిగినది నా తెలివితక్కువతనము. ఇకముందు చెప్పునది నా పాపము.

నా యంకె దిగినదన్న వార్త పేటలో ప్రాకినది. అడుగువాడను పోయి చెప్పువాడనైతిని. ఆ సుఖము చెప్పిన తీఱదు! అరుగుమీద కూర్చుండి, "నన్ను చూడండి" యని మొదలుపెట్టి చెప్పుచుండగా నెదుటివారు నోరు తెఱచుకొని వినుట కంటె వృద్ధునికి మఱియేమి కావలెను? మా బడిలోనే లెక్కలు చెప్పిన మిత్రుడొకడు నావద్దకు వచ్చెను. అతనికి పండ్రెండేండ్లనుండి మధుమేహము. ఇన్సులిను సూది పొడుచుకొనుచుండెను. "రోజూ ఈ సూది పోటు పడలేకపోతున్నాను మాస్టారూ. మీకు తగ్గిందంటే నాకు నమ్మకం" అనెను. నేను నేరేడుగింజలు నీడన నెండబెట్టి, నా చేతితో దంచి, వస్త్రగాళితము పట్టి, గాజుసీసాలో పోసి యతని కిచ్చితిని. సూది మానుమని నేను నోటితో ననలేదు. కాని "నేను బిళ్లలు మానితిని" అని మాత్రము గర్వముతో రెండుమారులంటిని. అతడు లెక్కలపంతులు, కూడిక తానే చేసికొనెను.

ఆ సూది యేమియో యప్పటికి నే నెఱుగను. 1921లో కెనడాదేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును కనుగొనిరి. 1922 జనవరిలో మొదటిసారి యొక పదునాలుగేండ్ల బాలునికి దాని నెక్కించిరి. అంతకుముందు బాల్యమున మధుమేహము వచ్చిన బిడ్డలను కడుపు మాడ్చి కొంతకాలము నిలుపుట తప్ప వేఱు గతి లేకుండెను. తల్లులు చూచుచుండగా బిడ్డలు శుష్కించి మరణించుచుండిరి. అట్టి వరమును నేను నేరేడుగింజలతో మార్పిడి చేయించితిని.

ఇంతలో నలువదియవ సలహా వచ్చినది. పుస్తకములు చదివిన యొక పెద్దమనిషి, "సుశ్రుతుడే చెప్పినాడు, మధుమేహమున పాదరక్షలు లేకుండ నడువవలెనని. పచ్చికమీద మంచులో నడువుడు" అనిరి. సుశ్రుతుని పేరు వినగానే నాకు పులకరించినది. 2019 జనవరి నెలలో బడి మైదానమున చెప్పులు విడిచి నడువ మొదలిడితిని. మూడు వారములు గడచినవి. ఒకనాడు నా భార్య గచ్చుమీద రక్తపు మఱకలు చూచి, వానివెంట వచ్చి, నా యఱకాలు పట్టి చూచి కెవ్వుమనెను. కుడికాలి రెండవవ్రేలి మొదట తుమ్మముల్లు విఱిగి లోపలనున్నది. అది గ్రుచ్చుకొని యెన్ని దినములైనదో నాకు తెలియదు. నాకు నొప్పి లేదు!

నొప్పి లేదుగదా యని వైద్యునికడకు బోలేదు. నోటుపుస్తకము తెఱచితిని. పసుపు వేపాకు ముద్ద పదిదినములు కట్టితిని. వ్రేలు నల్లబడినది. చలిజ్వరము వచ్చినది. కుమారుడు నన్ను కారులో పరుండబెట్టి గుంటూరు తీసికొనిపోయెను. అచ్చట చేర్చుకొనునప్పుడు నా రక్తములో చక్కెర 436. విషము పైకెక్కకుండ వ్రేలు తీసివేసిరి. శస్త్రవైద్యురాలు, చిన్నవయస్సుది, నా కూతురు వంటిది, "ముల్లు గుచ్చుకున్నప్పుడు తెలియలేదా తాతగారూ?" యని యడిగెను. తెలియలేదంటిని. ఈ రోగము మెల్లమెల్లగ పాదములలోని నరముల నెట్లు మొద్దుబాఱజేయునో, పాదమున స్పర్శ పోయినవాడు వట్టికాలితో నడుచుట యెంత ప్రమాదమో, ఆమె నా మంచముమీద కూర్చుండి పావుగంట చెప్పెను. నొప్పిని శత్రువని యెంచి యిన్నాళ్లు సంతోషించితిని. అది కావలివాడనియు, వాడు చచ్చిన యింట దొంగలు పడిరనియు నాకప్పుడు తెలిసినది.

ఆసుపత్రిలో నున్న పదునైదు దినములలో నా నలువదిమందిలో నించుమించుగా నందఱును వచ్చిరి. బత్తాయిపండ్లు తెచ్చిరి. పుండు త్వరగా మానుటకు సలహాలు తెచ్చిరి. తాము పూర్వము చెప్పిన సలహా యెవరికిని జ్ఞాపకము లేదు. వారిని నిందింపను. సలహా చెప్పువాడు గాలిలోనికి బంతి విసరినవానివంటివాడు. అది యెవని తలమీద పడినదో చూచుటకు నిలువడు. అక్కయ్య మాత్రము నా కాలివంక చూచి, "నాయన కాలు కూడ ఇలాగేరా" అని తలబాదుకొనెను. నలువదేండ్లకు మా కిరువురకును నాయన మరణకారణము తెలిసినది.

చివరకు నా మిత్రుడు లెక్కలపంతులు వచ్చెను. మనుమడు చేయిపట్టి నడిపించి తెచ్చెను. మంచమున కెడమప్రక్క నున్న కుర్చీలో కూర్చుండబోయి, మరల లేచి, "ఇటు కూర్చుంటే మీరు కనపడరు మాస్టారూ" అని కుర్చీని రెండవప్రక్కకు లాగికొనెను. అతని యెడమకంటిలో రక్తము చిమ్మి చూపు పోయినది. కంటివైద్యుడు పండ్రెండేండ్ల రోగమునందు కొంత పాలున్నదనియు, మందు మానిన నెలలు దానిని త్వరపఱచియుండవచ్చుననియు చెప్పెనట. రోగము పాలెంత, నా పొడి పాలెంత యన్న లెక్క యెవరును తేల్చలేరు. లెక్కలు చెప్పి బ్రతికిన నా మిత్రుడు ఆ లెక్క నన్నడుగలేదు. "మళ్లీ నడవచ్చన్నారా?" యని మాత్రమడిగెను. నేను సమాధానము చెప్పలేక దుప్పటితో ముఖము కప్పుకొంటిని.

ఇంటికి వచ్చినతరువాత ఆ నోటుపుస్తకమును మరల చదివితిని. నలువది పేర్లలో నా భార్య పేరు లేదు. ఆమె మొదటినుండియు "బిళ్ల మానవద్దు" అనుచునే యుండెను. నావద్ద చదివి నర్సు పనిచేయుచున్న యొక యమ్మాయి బజారులో కనబడి, "కాళ్లు రోజూ చూసుకోండి మాస్టారూ, మూడునెలల కొకసారి పరీక్ష చేయించండి" అన్నది. ఆమె పేరును లేదు. నా గళ్లలో బిళ్ల వద్దన్నవారికే చోటు దొరకినది, బిళ్ల వలెనన్నవారికి దొరకలేదు. పదిమందినడుగుట వివేకమని నేను చెప్పుకొంటిని గాని, నాకు కావలసిన మాట చెప్పువాడు దొరకువఱకు నడుగుచు బోయితినని యప్పుడు బోధపడినది. నేనడిగినది సలహా కాదు, సెలవు. బడి యెగగొట్టదలచిన పిల్లవాడడుగునట్టి సెలవు.

చదువరులారా, దీనినిబట్టి మన యాకులను, మన వైద్యమును నేను తృణీకరించుచున్నానని తలపకుడు. తిరిగి లేచి కూర్చున్న తరువాత సుశ్రుతుని నేనే చదివితిని. పాదరక్షలు, గొడుగు లేకుండ నూఱు యోజనములు నడువవలెనని యతడు చెప్పినమాట నిజమే. కాని యెవరికి? ధనము లేక, బంధువులు లేక, భిక్షాన్నముతో బ్రతుకు రోగికి. ఆ ప్రకరణముననే కృశించినవానిని కాపాడుకొనవలెనని హెచ్చరికయు నున్నది. బలిసినవానికి వేఱు, చిక్కినవానికి వేఱు చికిత్స యని యా ప్రాచీనులు విభజించిరి. ఈ రోగి మూత్రమునకు చీమలు పట్టుట చరకుడు గమనించెను. యవధాన్యమును పథ్యముగ విధించెను. వారు రోగిని చూచి, తాకి, అడిగి, ఆపైన చెప్పిరి. నాకు సుశ్రుతుని వాక్యము చెప్పిన పెద్దమనిషి నా పాదమును చూడలేదు. తప్పు గ్రంథమునది కాదు. ఒక వాక్యము చింపి తెచ్చి వీథిలో పంచువానిది, దాని నేరుకొన్న నాది.

ఇంకొక వింత. ఇంగ్లీషుమందని నేను పాఱవేసిన బిళ్ల పేరు మెట్‌ఫార్మిను. దాని పుట్టుపూర్వోత్తరములు విచారింపగా నదియు నొక మొక్క సంతతియే యని తెలిసినది. ఐరోపాఖండమున గెలీగా యను నొక చెట్టును నాటువైద్యులు వాడుచుండిరి. అందు చక్కెరను తగ్గించు గుణమున్నది. గొఱ్ఱెలను చంపు విషమును నున్నది. శాస్త్రజ్ఞులు దానిలోని పదార్థమును శోధించి, దాని పోలికగల మందులను తయారుచేసిరి. మెట్‌ఫార్మినును 1922లో మొదట సృష్టించిరి. 1957లో పారిసున జా స్టెర్ను అను వైద్యుడు రోగులకిచ్చి ఫలితములు ప్రకటించెను. ఆకునకును బిళ్లకును నడుమనున్నది జాతిభేదము కాదు. మోతాదెంతో, మేలెంతో, కీడెంతో కొలిచిన యనేక సంవత్సరముల శ్రమ. నా గాజుసీసాలోని పొడికి ఆ శ్రమ చేసినవాడు లేడు.

మన తెలుగువాని కథయే యొకటి చెప్పెదను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు గ్రహణివంటి యొక వ్యాధిచే కొలదిదినముల తేడాతో మరణించిరి. అదే వ్యాధి తనకును రాగా, ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద చికిత్సవలన సుబ్బారావుగారు బ్రతికిరి. లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యమును సైతము చదివి, దానిపై నాయుర్వేదము నభ్యసించిన పండితులు. అరుగుమీది వైద్యులు కారు. బ్రతికిన సుబ్బారావుగారు నావలె సీసాలు పంచలేదు. అమెరికాదేశమునకు బోయి, జీవితమంతయు ప్రయోగశాలలో గడపిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945 నాటికి ఫోలికు ఆమ్లమును తయారుచేసినది. అది యా వ్యాధికే మందైనది. కృతజ్ఞతగల రోగి చేయదగిన పని యది.

గాంధీమహాత్ముడును సలహా లడిగినవాడే. 1918లో రక్తగ్రహణిచే మంచముపట్టి, పాలు ముట్టనను వ్రతమున్నందున, పాలకు బదులేమి పుచ్చుకొనవలెనని వైద్యులను, శాస్త్రజ్ఞులను విచారించెను. ఒకరు పెసరకట్టు, ఒకరు ఇప్పనూనె, ఒకరు బాదముపాలు చెప్పిరి. అవి పుచ్చుకొని తాను మంచమునుండి లేవలేకపోయితినని యాత్మకథలో తానే వ్రాసెను. కస్తూరిబా సూచనపై మేకపాలు త్రాగిన సంగతిని, దానివలన తన వ్రతమునకు కలిగిన లోపమును దాచలేదు. ప్రకృతి చికిత్సయందు ప్రాణముంచిన యాయనకే 1924లో పూనాలోని సాసూను ఆసుపత్రిలో అపెండిసైటిసునకు శస్త్రచికిత్స జరిగినది. ఆయన ప్రయోగములన్నిటిని మన మంగీకరింపనక్కఱలేదు. తన విషయమున నేది ఫలింపలేదో చెప్పుటకు సిగ్గుపడని గుణమును మాత్రము మన యరుగుమీది వైద్యులందఱు నేర్చుకొనవలెను. నా నలువదిమందిలో "నేను పుచ్చుకొంటిని, గుణమీయలేదు" అన్నవా డొక్కడును లేడు. గుణమీయనివారు మాటాడరు, చచ్చినవారు బొత్తిగా మాటాడరు. బ్రతికి బాగుపడినవాని మాటయే వీథిలో తిరుగును.

నింద యంతయు రోగులదే యనుట న్యాయము కాదు. మా వైద్యుడు నాకు మూడు నిమిషము లిచ్చెను; మా పాలమనిషి యరగంట యిచ్చెను. వైద్యునివద్ద మందున్నది గాని తీఱిక లేదు. బంధువులవద్ద తీఱిక, ప్రేమ, ఓర్పు నన్నియు నున్నవి, మందొక్కటి లేదు. భయపడినవాడు తీఱికయున్నచోటికే పోవును. గుంటూరులో నా మంచముమీద కూర్చుండిన వైద్యురాలి పావుగంట నాకు మొదటిదినముననే లభించియుండిన, నా వ్రేలు నాకు దక్కియుండునని నమ్ముచున్నాను. ప్రతి వైద్యశాలలో నాహారము, నడక, పాదరక్షణము మొదలగువానిని నిదానముగ, మన తెలుగులో, మన వంటయింటి గరిటెల లెక్కలో చెప్పు మనిషి యొకరుండవలెను. అది మందుచీటిలో సగమునకు సమానము.

అట్టివారు గుంటూరులో నా కొకరు దొరకిరి. ఆమె మొదట నేనేమి తినుచున్నానో యడిగెను. తరువాత నా కంచమును మూడు భాగములు చేసెను: సగము కూరలు, పావు పప్పు గాని చేప గాని, పావు అన్నము. కాకరకాయను కూరగ వండుకొమ్మనెను. మెంతులలోని పీచు కొంత మేలుచేయును గావున తినవచ్చుననెను. బిళ్లకు బదులుగ మాత్రము కాదనెను. కొఱ్ఱలు మంచివే, వానికిని కొలత కలదనెను. చెప్పులు లేక యింటిలో సైతము నడువవలదనెను. చూడగా నా నోటుపుస్తకములోని వస్తువులలో సగమామె యంగీకరించినవే! వానికి స్థానము, కొలత, హద్దు నేర్పఱచుటయే యామె చేసిన పని.

సలహా యడుగుట తప్పని నేననను. అడుగక దాచుకొన్నవాడు నాకంటె ముందే చచ్చును. కాని యడుగువారికి నాలుగు మాటలు మనవిచేసెదను. చెప్పువానిని "కొలిచి చూచితివా, ఎన్ని నెలలు చూచితివా, దానితోపాటు మఱియేమి మందు పుచ్చుకొంటివి?" యని యడుగుడు. వైద్యుడిచ్చిన మందును వైద్యునితో చెప్పకుండ మానకుడు. ఏ యాకు నమలుచున్నను ఆ సంగతి వైద్యునికి చెప్పుడు. రెండు మందులు కలిసి చక్కెరను మితిమించి దింపుటయు ప్రాణాంతకమే. అన్నిటికంటె ముందు, నిజముగ తెలిసికొనుటకే యడుగుచున్నామో, సెలవు కొఱకడుగుచున్నామో మనల మన మడుగుకొనవలెను. ఇక చెప్పువారికి నా మనవి యొక్కటే: మీరు చెప్పినది విని యతడు మానివేయబోవునది యేదో తెలిసికొనకుండ నోరు తెఱవకుడు.

గడచిన మాసమున మా వీథిలో ఆటో నడుపుకొను పిల్లవాడు, ముప్పదిరెండేండ్లవాడు, పరీక్షకాగితము పట్టుకొని మా యరుగెక్కెను. "షుగరంట మాస్టారూ. మీకు అన్నీ తెలుసుగా, ఏం తినమంటారు?" అనెను. నా నాలుక దురదపెట్టినదని యొప్పుకొనుచున్నాను. లోపలికి బోయి కాగితము, కలము తెచ్చి, వాని మనస్సులోని ప్రశ్నలన్నియు వానిచేతనే వ్రాయించితిని. పదునొకండు వచ్చినవి. పిమ్మట చెప్పులు తొడిగికొని, వాని యాటోలోనే వానిని వైద్యునికడకు తీసికొనిపోయి, పదునొకండింటికి సమాధానములు వచ్చువఱకు నా కుంటికాలితో గుమ్మము విడువక నిలిచితిని. తలుపుకడ కుఱ్ఱవాడు తరువాతి పేరు రెండుమారులు పిలిచెను. మేము కదలలేదు.